ఎక్స్‌ఎంఎల్‌లో తప్పేం లేదు, మెసేజ్ ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేదంతే

ఫైల్ నుంచి చదివితే బాగానే పనిచేసే ఎక్స్‌ఎంఎల్ (డేటాను ట్యాగుల మధ్య రాసే ఫార్మాట్), సాకెట్ మీదికి, అంటే రెండు ప్రోగ్రాముల మధ్య ఉండే నెట్‌వర్క్ కనెక్షన్ మీదికి వచ్చేసరికి మొరాయిస్తుంది. ఎర్రర్ ఉండదు, ఎక్సెప్షన్ ఉండదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. డీసీరియలైజ్ చేయమన్న (వచ్చిన బైట్లను ఆబ్జెక్టుగా మార్చమన్న) లైను దగ్గర ప్రోగ్రాం అలా కూర్చుండిపోతుంది. అవతలివాళ్ళు కనెక్షన్ తెంపగానే మాత్రం మెసేజ్ మొత్తం ఒక్కసారిగా చేతికొస్తుంది. ఆఫీసులో "అన్నా, ఒకసారి ఇటు రావా" అని పక్క సీటు మనిషిని పిలిపించే సమస్యల్లో ఇది చాలా పాతది, ఇంకా చావనిది కూడా. పిలిచినవాళ్ళు చూపించేది క్లాసుల మీద పెట్టిన అట్రిబ్యూట్లూ, నేమ్‌స్పేసులూ. వచ్చినవాళ్ళు వెతికేదీ అక్కడే. అక్కడ తప్పేమీ లేదు కాబట్టి ఎంత వెతికినా దొరకదు.

సీరియలైజేషన్ అంటే మెమరీలో ఉన్న ఆబ్జెక్టును బైట్ల వరుసగా మార్చడం, అవతలి వైపు ఆ వరుస నుంచి మళ్ళీ ఆబ్జెక్టును తయారుచేయడం. దాని పని అంతవరకే. ఆ వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అది అసలు డేటానా లేక 'ఆపు', 'అందింది', 'బతికే ఉన్నావా' లాంటి కంట్రోల్ మెసేజా, దానికి జవాబు ఇవ్వాలా వద్దా అన్నవి సీరియలైజర్‌కు తెలియవు. అవి మనం నిర్ణయించాల్సినవి. ఎక్స్‌ఎంఎల్ సమస్య అని మన దగ్గరికి వచ్చేవాటిలో చాలా భాగం ఈ నిర్ణయాలు ఎవరూ తీసుకోకపోవడం వల్ల వచ్చినవే అని నా అభిప్రాయం.

పార్సర్ దేనికోసం ఎదురుచూస్తోంది?

సాకెట్ల కింద బైట్లను మోసే టీసీపీకి మెసేజ్ అనే ఊహే లేదు. 1981 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 793 (ఇంటర్నెట్ నియమాలు రాసే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) నుంచి 2022లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9293 వరకు అది ఇచ్చే హామీ ఒక్కటే: పంపిన బైట్లు పంపిన వరుసలో చేరతాయి. పైపులో ఇటువైపు రెండు బిందెల నీళ్ళు పోస్తే అటువైపు రెండు బిందెలుగా రావు కదా, ఇదీ అంతే. మీరు రెండుసార్లు సెండ్ చేసింది అవతల ఒకే రీడ్‌లో రావచ్చు, ఒకసారి సెండ్ చేసింది ఐదు రీడ్‌లలో ముక్కలుగా రావచ్చు. ఒకే మెషీన్‌లో టెస్ట్ చేస్తున్నంతసేపూ ఒక సెండ్‌కు ఒక రీడ్ చొప్పున కుదురుగా వస్తుంది, అందుకే అది నియమం అని మనం నమ్మేస్తాం.

దీనికి ఎక్స్‌ఎంఎల్ వైపు నుంచి ఇంకో చిక్కు తోడవుతుంది. మూల ట్యాగు మూసుకోగానే డాక్యుమెంటు అయిపోయినట్టే కదా అనుకుంటాం. 1998 ఫిబ్రవరి 10న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఖరారు చేసిన ఎక్స్‌ఎంఎల్ 1.0 వ్యాకరణం ప్రకారం అయిపోలేదు. మూల ట్యాగు మూసుకున్నాక కూడా కామెంట్లు, ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రక్షన్లు, ఖాళీలు రావచ్చు. కాబట్టి నియమాలను కచ్చితంగా పాటించే పార్సర్ (ఎక్స్‌ఎంఎల్‌ను చదివి విడదీసే కోడు) ఇంకేమైనా వస్తుందేమోనని స్ట్రీమ్ చివరిదాకా చూస్తుంది. సాకెట్‌కు చివర అంటే కనెక్షన్ తెగడమే. ఆ ప్రమాణాన్ని రాసిన ఎడిటర్లలో ఒకరైన టిమ్ బ్రే, తర్వాత దానికి రాసిన వ్యాఖ్యానంలో ఈ ఒక్క వెసులుబాటును డిజైన్ పొరపాటని ఒప్పుకున్నారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా నెట్‌వర్క్ ప్రోగ్రాముదే.

హ్యాంగ్ అవకపోయినా ఇంకో ప్రమాదం ఉంది. పార్సర్ ఒక్కో బైటు చొప్పున చదవదు, వేగం కోసం కొన్ని వేల బైట్లు ఒకేసారి బఫర్‌లోకి లాగుతుంది. మొదటి మెసేజ్ వంద బైట్లే అయితే, దాని వెనకే వచ్చిన రెండో మెసేజ్ తల కూడా ఆ బఫర్‌లోకి పోతుంది. ఆ పార్సర్‌ను వదిలేసి రెండో మెసేజ్‌కు కొత్తది సృష్టించారా, దానికి తల లేని మొండెం దొరుకుతుంది. "మొదటి మెసేజ్ బాగానే వస్తోంది, రెండోదే పాడవుతోంది" అని ఎవరైనా అంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గుర్తు పెడితే సరిపోతుందా?

సహజంగా తట్టే ఉపాయం, మెసేజ్ చివర ఏదో ఒక గుర్తు పెట్టడం. సిస్కో, జునిపర్ లాంటి కంపెనీల రౌటర్లను, స్విచ్‌లను నడిపించే నెట్‌కాన్ఫ్ ప్రోటోకాల్ 2006లో చేసింది ఇదే. ప్రతి ఎక్స్‌ఎంఎల్ మెసేజ్ తర్వాత

]]>]]>

అని పంపాలి. సరైన ఎక్స్‌ఎంఎల్‌లో ఈ అక్షరాల వరుస ఎక్కడా రాదన్నది వాళ్ళ ఊహ. ట్యాగుల మధ్య ఉండే పాఠ్యంలో ఆ ఊహ నిజమే, అక్కడ ఈ వరుసను నేరుగా రాయకూడదు. కానీ అట్రిబ్యూట్ విలువలో రాయొచ్చు, కామెంట్‌లోనూ రాయొచ్చు. అంటే ఇది నూటికి నూరుపాళ్ళు సరైన ఎక్స్‌ఎంఎల్:

<గమనిక విషయం="]]>]]>"/>

(ట్యాగు పేరు తెలుగులో ఉందేమిటని ఆశ్చర్యపోకండి. ఎక్స్‌ఎంఎల్ దాన్ని ఒప్పుకుంటుంది, పార్సర్‌కు ఇచ్చి చూడండి.)

ఎవరైనా ఒక ఇంటర్‌ఫేస్ వివరణలో ఆ గుర్తు రాశారంటే మెసేజ్ అక్కడికక్కడే రెండు ముక్కలవుతుంది. కావాలనే రాశారంటే రెండో ముక్కను వేరే ఆదేశంగా చదివించొచ్చు. 2011 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6242 తమ ఊహ తప్పని, దీనివల్ల దాడులకు దారి దొరుకుతుందని సూటిగానే రాసి, పద్ధతి మార్చింది. కొత్త పద్ధతిలో ముందు సైజు చెప్పి తర్వాత ముక్క పంపాలి. చివర రెండు హ్యాష్ గుర్తులు.

#6
<అ/>
##

ఇందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. రెండు వైపులా మొదట మార్చుకునే హలో మెసేజ్ మాత్రం ఇప్పటికీ పాత గుర్తుతోనే ముగుస్తుంది. అవతలివాళ్ళకు కొత్త పద్ధతి వచ్చో రాదో హలో చదివేదాకా తెలియదు కదా. హలోలో ఇద్దరూ నెట్‌కాన్ఫ్ 1.1 సామర్థ్యం ఉందని చెప్పుకుంటేనే ఆ క్షణం నుంచి కొత్త పద్ధతి మొదలవుతుంది. నడుస్తున్న ప్రోటోకాల్‌ను మధ్యలో మార్చాల్సివచ్చినవాళ్ళు దీన్నొకసారి చదివితే చాలా తలనొప్పి తప్పుతుంది.

ఆసుపత్రుల్లో ల్యాబ్ రిపోర్టులు, అడ్మిషన్ వివరాలు మోసే హెచ్ఎల్7 సందేశాలకు ఎంఎల్ఎల్‌పీ అనే తొడుగు ఉంది. అది మొదట 0బీ అనే బైటు, చివర 1సీ, 0డీ అనే రెండు బైట్లు (హెక్స్ అంకెల్లో) పెడుతుంది. దీంట్లో ఎక్స్‌ఎంఎల్ పెట్టి పంపినా పెద్దగా భయం లేదు. 20 హెక్స్ కంటే కింద ఉండే కంట్రోల్ క్యారెక్టర్లలో ట్యాబ్, లైన్ ఫీడ్, క్యారేజ్ రిటర్న్ తప్ప మరేదీ ఎక్స్‌ఎంఎల్ 1.0లో ఉండకూడదు. ఎస్కేప్ చేసి రాసినా ఒప్పుకోదు. అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి యూటీఎఫ్-8 లాంటిదైతేనే ఈ భరోసా సుమా. యూటీఎఫ్-16లో మన 'జ' అక్షరం కోడే 0సీ1సీ. 1సీ కనబడగానే మెసేజ్ అయిపోయిందని నమ్మి, తర్వాతి 0డీ కోసం ఆగని కోడు ఉంటే 'జ' ఉన్న ప్రతి పేషెంటు పేరు దగ్గరా మెసేజ్ తెగుతుంది.

పొడవు ముందే చెప్పడం, తెలుగు దగ్గర తడబడటం

సొంతంగా ప్రోటోకాల్ రాసుకునేవాళ్ళకు తేలికైన దారి, నాలుగు బైట్లలో పొడవు పంపి, ఆ తర్వాత అన్ని బైట్లు పంపడం. నేనైతే కొత్తగా రాసేవాళ్ళకు ఇదే చెప్తాను. ఇందులో జరిగే తప్పు ఒక్కటే, కానీ అది ఇంగ్లీషు టెస్ట్ డేటాతో ఎప్పటికీ బయటపడదు.

ట్యాగులు పక్కనపెట్టి ఒట్టి "నమస్తే" పంపామనుకుందాం. స్ట్రింగ్ పొడవు అడిగితే 6 అంటుంది: న, మ, స, పొల్లు, త, ఏత్వం. తెలుగు కోడ్ పాయింటు (ఇలా విడిగా లెక్కకొచ్చే ఒక్కో గుర్తు) ప్రతిదీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది, కాబట్టి వైరు మీదికి వెళ్ళేవి 18 బైట్లు. పంపేవాళ్ళు పొడవు 6 అని రాస్తే, అందుకునేవాళ్ళు ఆరు బైట్లు చదివి "నమ" దగ్గర ఆగుతారు. తర్వాత వచ్చేది తర్వాతి మెసేజ్ పొడవు అనుకుని ఇంకో నాలుగు బైట్లు తీస్తారు. అవి 'స' తాలూకు మూడు బైట్లు, పొల్లు తాలూకు మొదటి బైటు: ఈ0, బీ0, బీ8, ఈ0. ఆ నాలుగింటినీ కలిపి సంఖ్యగా చదివితే 376,96,78,048. అంటే సుమారు 377 కోట్ల బైట్ల మెసేజ్ రాబోతోందని అవతలి ప్రోగ్రాం సిద్ధపడుతుంది. మెమరీ చాలక పడిపోతుంది, లేదా జావాలో అయితే ఆ సంఖ్య మైనస్‌లోకి పోయి వేరే ఎర్రర్ వస్తుంది. లాగ్‌లో మెమరీ ఎర్రర్ చూసి సర్వర్ ర్యామ్ పెంచాలని టికెట్ వేసేవాళ్ళూ ఉంటారు.

మందు తేలికే. ముందు బైట్లుగా మార్చి, ఆ బైట్లను లెక్కపెట్టాలి. అందుకునేవైపు కూడా మొత్తం బైట్లు చేరేదాకా స్ట్రింగ్‌గా మార్చకూడదు. 1024 బైట్ల బఫర్ నిండా తెలుగే ఉంటే, 1024 మూడుతో భాగింపబడదు కాబట్టి చివరి అక్షరం తప్పకుండా రెండుగా తెగుతుంది. ఒక్కో బఫర్‌ను విడిగా స్ట్రింగ్ చేస్తే ఆ అతుకుల దగ్గరల్లా � గుర్తులు పడతాయి. వచ్చిన పొడవును గుడ్డిగా నమ్మకుండా, మీ మెసేజ్‌లకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టుకుని, అది దాటితే కనెక్షన్ తెంపేయడం కూడా అవసరం.

కంట్రోల్ మెసేజ్‌ల దారి వేరు

ఇక అసలు గొడవ. ఒకే కనెక్షన్ మీద ఆర్డర్లూ వస్తాయి, పింగ్‌లూ వస్తాయి, 'రద్దు చెయ్యి' అనేవీ వస్తాయి. అన్నింటినీ ఒకే బేస్ క్లాస్ కింద పెట్టి, వచ్చినదాన్ని సీరియలైజర్‌కు ఇచ్చేసి, ఏ రకం ఆబ్జెక్టు వచ్చిందో చూద్దాంలే అనేది మామూలుగా కనిపించే డిజైన్. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో ఉండే ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్‌కు వారసత్వ క్లాసుల జాబితా ముందే చెప్పకపోతే అది చదవనంటుంది. చెప్పడం మరచిన రకం ఒక్కటి వచ్చినా ఎక్సెప్షన్. ఆ ఎక్సెప్షన్ రీడ్ లూప్‌ను చంపేస్తుంది, లూప్ చచ్చాక పింగ్‌కు జవాబిచ్చేవాళ్ళు ఉండరు. కొత్తరకం ఆర్డర్ ఒకటి వచ్చిందని మొత్తం కనెక్షన్ పోవడమా?

పైన చిన్న ఎన్వలప్ పెట్టి, ముందు దాన్ని మాత్రమే చదివితే ఈ బాధ ఉండదు.

<ఉత్తరం రకం="కంట్రోల్" పని="రద్దు" సంఖ్య="41" దేనికి="38"/>
<ఉత్తరం రకం="డేటా" సంఖ్య="42"><ఆర్డర్>...</ఆర్డర్></ఉత్తరం>

రకం చూసి కంట్రోల్ అయితే అక్కడే తేల్చేయాలి. డేటా అయితే లోపలి భాగాన్ని తగిన సీరియలైజర్‌కు ఇవ్వాలి. అది విఫలమైనా 42కు ఎర్రర్ జవాబు పంపి తర్వాతి మెసేజ్‌కు వెళ్ళొచ్చు. సంఖ్య చేతిలో ఉంది కదా.

1999లో జాబర్‌గా మొదలై 2004లో ప్రమాణంగా మారిన ఎక్స్‌ఎంపీపీ చాట్ ప్రోటోకాల్ ఈ విషయంలో మంచి పాఠం. అందులో కనెక్షన్ మొత్తం ఒకే ఒక ఎక్స్‌ఎంఎల్ డాక్యుమెంటు. మొదట స్ట్రీమ్ ట్యాగు తెరుచుకుంటుంది, సెషన్ ముగిసేదాకా మూసుకోదు. దాని కింద నేరుగా వచ్చే ప్రతి పిల్ల ట్యాగూ ఒక మెసేజ్ కాబట్టి, దాని ముగింపు ట్యాగు రాగానే పని మొదలుపెట్టొచ్చు. కామెంట్లు, డీటీడీలు (డాక్యుమెంటు నిర్మాణాన్ని, ఎంటిటీలనే సంక్షిప్త పేర్లను ముందే ప్రకటించే భాగాలు) నిషేధం. (డీటీడీలో ఒకదాంట్లో ఒకటి పదేసిసార్లు పెరిగే ఎంటిటీలు రాసి, ఒక కిలోబైటు లోపు పాఠ్యంతో సర్వర్ మెమరీ మొత్తం తినేసే పాత దాడి ఒకటి ఉంది, అది ఇక్కడ మొదట్లోనే పోతుంది.)

ఎక్స్‌ఎంపీపీలో ప్రశ్న-జవాబులకు వాడే ఐక్యూ మెసేజ్‌కు నాలుగే రకాలు: గెట్, సెట్, రిజల్ట్, ఎర్రర్. మొదటి రెండింటికీ జవాబు తప్పనిసరి. చివరి రెండింటికీ జవాబు ఇవ్వనే కూడదు. ఈ రెండో వాక్యాన్ని పట్టించుకోనివాళ్ళే ఎక్కువ. అందిందని పంపిన మెసేజ్‌కు మళ్ళీ అందిందని, ఎర్రర్‌కు ఎర్రర్ అని రెండు సర్వర్లు రాత్రంతా మాట్లాడుకున్న కథలు ఈ రంగంలో ఉన్న ఎవరినడిగినా చెప్తారు. ఎక్కడిదాకా అందాయో లెక్కచెప్పే ఎక్స్‌ఈపీ 0198 అనే పొడిగింపులోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. లెక్కలోకి వచ్చేవి అసలు మెసేజ్‌లే, లెక్క అడిగేవీ లెక్క చెప్పేవీ కావు.

'అందింది' వేరు, 'అయింది' వేరు అన్నది మనం రోజూ వాడే యూపీఐలోనే చూడొచ్చు. ఎన్‌పీసీఐ ప్రచురించిన యూపీఐ సాంకేతిక వివరణ ప్రకారం బ్యాంకుల మధ్య తిరిగేవి ఎక్స్‌ఎంఎల్ సందేశాలే. చెల్లింపు అభ్యర్థన వెళ్ళగానే వెంటనే తిరిగొచ్చేది అందిందన్న ఆక్ మాత్రమే. డబ్బు సంగతి తర్వాత వేరే సందేశంగా వస్తుంది. ఆ వచ్చేది రాకపోతే లావాదేవీ ఏమైందని అడగడానికి ఇంకో సందేశం ఉంది, బతికే ఉన్నావా అని అడిగే హార్ట్‌బీట్ సందేశమూ ఉంది. ఆక్ రాగానే స్క్రీన్ మీద పచ్చ టిక్కు చూపించే యాప్ రాస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

హార్ట్‌బీట్ దగ్గర మరో ఉచ్చు. పెద్ద ఫైలును ఒకే మెసేజ్‌గా పంపుతుంటే పింగ్ దాని వెనక క్యూలో నిలబడాల్సిందే. అవతలివాళ్ళు పింగ్ రాలేదని కనెక్షన్ తెంపుతారు, ఇవతలివాళ్ళు మళ్ళీ కలిపి అదే ఫైలు మళ్ళీ మొదలుపెడతారు, మళ్ళీ తెగుతుంది. ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీ ప్రోటోకాల్ కంట్రోల్‌కు ఒక కనెక్షన్, డేటాకు మరొకటి పెట్టుకుంది. నెట్‌కాన్ఫ్‌లో ఇరుక్కుపోయిన సెషన్‌ను చంపాలంటే ఇంకో సెషన్ నుంచి ఆదేశం ఇవ్వాలి, తన సెషన్‌నే చంపమంటే ఎర్రర్ వస్తుంది. అంత ఏర్పాటు వద్దనుకుంటే, పింగ్ ఒక్కటే కాదు, ఏ బైటు వచ్చినా అవతలివాళ్ళు బతికున్నట్టే అని లెక్కేయడం చవకైన దారి.

డాట్‌నెట్‌వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రతి పింగ్‌కూ కొత్త ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్‌ను, అదీ అదనపు సెట్టింగులు తీసుకునే కన్‌స్ట్రక్టర్‌తో సృష్టిస్తుంటే, ఒక్కోసారీ ఒక కొత్త అసెంబ్లీ మెమరీలో పుడుతుంది, అది మళ్ళీ పోదు. టైపు ఒక్కటే, లేదా టైపూ నేమ్‌స్పేసూ తీసుకునే రెండు కన్‌స్ట్రక్టర్లకే లోపల క్యాష్ ఉంటుంది. కొన్ని సెకన్లకొక పింగ్ చొప్పున ఇది వారాల తరబడి జరిగితే, ఏ పనీ లేని సర్వర్ మెమరీ ఎందుకు పెరుగుతోందో ఎవరికీ అర్థం కాదు.

చప్పుడు చేయని తప్పులు

ఎక్సెప్షన్ వచ్చే తప్పు మంచిది. రానిది ప్రమాదం. ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్ తనకు తెలియని ట్యాగు కనిపిస్తే మౌనంగా దాటేస్తుంది. డేటాకు ఈ ఉదారత మంచిదే, పాత క్లయింటు కొత్త మెసేజ్ చదవగలుగుతుంది. కంట్రోల్ మెసేజ్‌కు మాత్రం ఇది పనికిరాదు. 'వెంటనే' అనే కొత్త ట్యాగుతో ఆపమని పంపితే, పాత ప్రోగ్రాం ఆ ట్యాగును వదిలేసి తీరిగ్గా ఆపుతుంది, సరే ఆపానని జవాబూ ఇస్తుంది. వెబ్ సర్వీసుల మధ్య ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లు మోసే సోప్ ప్రోటోకాల్ దీనికోసమే హెడర్ల మీద మస్ట్‌అండర్‌స్టాండ్ అనే అట్రిబ్యూట్ పెట్టింది. అది 1 అని ఉంటే, అర్థం కానివాళ్ళు దాటేయకూడదు, ఫాల్ట్ పంపాలి. సోప్‌ను ఇప్పుడు ఎవరూ ఇష్టపడకపోవచ్చు గానీ, ఈ ఒక్క ఆలోచన అరువు తెచ్చుకోదగ్గది. ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్‌లోనైతే తెలియని నోడ్ వచ్చినప్పుడు లేచే ఈవెంటును పట్టుకుని, కంట్రోల్ రకాలకు ఎర్రర్‌గా మార్చుకోవచ్చు.

సంతకం చేసిన ఎక్స్‌ఎంఎల్‌లోనూ ఇలాంటిదే ఒకటి. అట్రిబ్యూట్ల వరుస మారితే సంతకం చెడదు, దాన్ని కానానికల్ రూపం (సంతకానికి ముందు అందరూ మార్చుకునే ఒకే ప్రామాణిక రూపం) సరిచేస్తుంది. కానీ ట్యాగుల మధ్య చేర్చిన ఖాళీలు, కొత్త లైన్లు డేటాలో భాగమే. మధ్యలో ఎవరో చదవడానికి అందంగా ఉంటుందని ఇండెంట్ చేసి పంపితే సంతకం సరిపోలదు. అందుకున్న బైట్లను అలాగే దాచుకోవాలి, ఆబ్జెక్టు నుంచి మళ్ళీ పుట్టించి పోల్చకూడదు.

సాయం అడిగేటప్పుడు ఏం చూపించాలి

"ఎక్స్‌ఎంఎల్ పార్స్ అవట్లేదన్నా" అని స్క్రీన్‌షాట్ పంపితే అన్న కూడా ఊహించడమే. బ్రౌజర్‌లోనో ఎడిటర్‌లోనో ఇండెంట్ చేసి చూపించిన ఎక్స్‌ఎంఎల్‌లో అసలు తప్పు మాయమైపోయి ఉంటుంది. వైరు మీద వచ్చిన మొదటి కొన్ని పదుల బైట్ల హెక్స్ డంప్ పంపితే సగం సమస్యలు చూడగానే తేలిపోతాయి. ఈఎఫ్ బీబీ బీఎఫ్ అని మొదలైతే యూటీఎఫ్-8 బైట్ ఆర్డర్ మార్క్ (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పడానికి మొదట పెట్టే గుర్తు), పొడవును లెక్కించినవాళ్ళు దాన్ని కలిపారో లేదో చూడాలి. పై లైనులో యూటీఎఫ్-16 అని రాసి ఉండి, కింద 3సీ 3ఎఫ్ 78 అని ఒక్కో బైటు వస్తుంటే, స్ట్రింగ్‌రైటర్‌లోకి సీరియలైజ్ చేసి తర్వాత యూటీఎఫ్-8గా పంపారన్నమాట. డాట్‌నెట్ స్ట్రింగ్‌రైటర్ తన ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16 అనే చెప్పుకుంటుంది, సీరియలైజర్ దాన్నే డిక్లరేషన్‌లో రాసేస్తుంది. ఇక ఎక్సెప్షన్ పంపేటప్పుడు పైది ఒక్కటే కాకుండా ఇన్నర్ ఎక్సెప్షన్లు అడుగుదాకా పంపాలి. టైపును రిఫ్లెక్ట్ చేయడంలో ఎర్రర్ అని పైన ఉంటే, ఏ ప్రాపర్టీ వల్లో మూడు మెట్లు కింద ఉంటుంది. పంపేముందు ఖాతా నంబర్లు, పేర్లు చెరిపేయండి. చెరిపేటప్పుడు బైట్ల సంఖ్య మాత్రం మారనివ్వొద్దు, లేకపోతే పొడవు లెక్క తప్పి సాయం చేసేవాళ్ళు లేని బగ్ వెనక పడతారు.

సాయం చేసేవాళ్ళు కోడు చదవడానికి ముందు ఒక టెస్ట్ రాయించడం మంచిది. సాకెట్ బదులు ఒక నకిలీ స్ట్రీమ్ పెట్టి, ఎన్ని బైట్లు అడిగినా ఒక్కటే ఇచ్చేలా చేయాలి. తర్వాత రెండున్నర మెసేజ్‌లు ఒకేసారి ఇవ్వాలి. మూడోసారి అదే, కానీ పాఠ్యం మొత్తం తెలుగులో, మధ్యలో ఒక పింగ్‌తో. ఈ మూడింటిలో ఏది ఫెయిలైందో చూస్తే కోడులో ఏ ఫంక్షన్ తెరవాలో తెలుస్తుంది.